చికిత్స గడువును తెంచరాదు

గుంటూరు మిర్చియార్డుకు సరకు తోలు రైతునకు ఒక సంగతి చెప్పనక్కఱలేదు. పైకి ఎండినట్లు కనుపించు కాయలో తేమ మిగిలెనా, బస్తాలో బూజుపట్టి సరకంతయు చెడును. తీవ్రమైన రక్తక్యాన్సరగు ల్యుకేమియా విషయమునను ఇట్టి మెలకువయే వలయును.

పిల్లలకు తఱచుగా వచ్చునది ఇందు లింఫోబ్లాస్టిక్ రకము. మొదటి నెల మందులతోనే జ్వరము తగ్గి, ముఖమునకు కళ వచ్చి, సూక్ష్మదర్శినికి సైతము వ్యాధికణములు కానరాకపోవచ్చును. బిడ్డ బాగుపడెను గదా, ఇంక ఆస్పత్రి యేల యని తండ్రి తలచుట సహజమే. పత్తితీతలు, మిరపకోతలు, అప్పులవారు అతనిని ఇంటికి లాగుచుందురు. కాని దాగియున్న కణముల నణచుటకే చికిత్స రెండు మూడేండ్లు సాగును. అందు అధికభాగము ప్రతిదినము మెర్కాప్టోప్యూరిన్, వారమునకొక్కమాఱు మాత్రమే మెథోట్రెక్సేట్ ఇచ్చుటయే.

ఈ గడువును తగ్గింపజూచినవారు లేకపోలేదు. 1992–95 నడుమ టోక్యో వైద్యబృందము చికిత్సనంతయు ఒక్క యేటితో ముగించి చూచెను. పెక్కురు బాలలు స్వస్థులైరి. కాని వ్యాధి తిరుగబెట్టినవారి సంఖ్య హెచ్చెను.

అట్లని దీర్ఘమైనదెల్ల మేలు గాదు. మైలాయిడ్ రకమునకు చికిత్స కొలదినెలలదే యైనను మిక్కిలి తీక్ష్ణము. బ్రిటిషు వైద్యపరిశోధన మండలి పరీక్షలలో నాలుగు విడతలకు తోడు ఐదవది యిచ్చినందున రోగుల ఆయువు పెరుగలేదు. కావున విసుగు గడువును తగ్గింపరాదు, భయము పెంపరాదు, పరీక్షయే నిర్ణయింపవలెను.

ఈ మందుల చరిత్రలో ఆంధ్రులకు పాలుకలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో అమినోప్టెరిన్ తయారయ్యెను. బోస్టనులో సిడ్నీ ఫార్బరు దానిని 16 మంది పిల్లలకీయగా 10 మందికి వ్యాధి తాత్కాలికముగా తగ్గెనని 1948లో ప్రకటించెను. మెథోట్రెక్సేట్ ఆ మందుకు తోబుట్టువే. ఆ తాత్కాలికమును శాశ్వతము చేయుటకు, పలుమందులను కలిపి దీర్ఘకాలము వాడు పద్ధతి కుదురుటకు, దశాబ్దములు పట్టెను. ఆ ఫలమును మన పిల్లలు నడుమ జారవిడువరాదు.

చికిత్సావ్యయమును ప్రభుత్వము భరించు మార్గము 2007లో ఆరోగ్యశ్రీతో ఏర్పడెను. కాని బస్సుఛార్జీ, బస, పోయిన కూలి కుటుంబమును క్రుంగదీయును. రక్తపరీక్షయు మాత్రలును ఒంగోలు, నరసరావుపేటలవంటి చోట్లనే అందవలెను. గడువుతేదీకి రాని బిడ్డను వెదకి పిలుచువారుండవలెను. అప్పిచ్చిన ఆసామియు, కమిషను వ్యాపారియు ఒక పంటకాలము ఓర్చుకొనవలెను. అప్పు గడువును పొడిగింపవచ్చును. తెగిన చికిత్సను అతుకుట కష్టము.