తెలుగు మాత్రమే చదవగలవాళ్ళు భోజనానికి వెళ్తే...



గత మాసంలో మా ఇల్లాలికి అరవై యేళ్ళు నిండాయి. మగవాడికి అరవై నిండితే షష్టిపూర్తి అని పెద్ద తంతే ఉంది. అందులో ఆవిడ పని పక్కపీట మీద కూర్చోవటం. ఆడవారి అరవయ్యో పుట్టినరోజుకు మాత్రం మన పెద్దలు ప్రత్యేకించి ఏమీ ఏర్పరచినట్టు కనపడదు. ఆ లోటు తీర్చాలని మా అమ్మాయీ అల్లుడూ సంకల్పించి, శుక్రవారం సాయంత్రం రాజమహేంద్రవరంలో బండి ఎక్కించి మమ్మల్ని విశాఖపట్నం తీసుకువెళ్ళారు. "ఈ రెండు రోజులూ నువ్వు పొయ్యి ముఖం చూడకూడదమ్మా, ఏ పూటకాపూట హోటల్లోనే భోజనం" అని అమ్మాయి శాసనం.

సముద్రం గురించీ కైలాసగిరి గురించీ నాకంటె అందంగా రాసినవారు మనలో చాలామంది ఉన్నారు. నేను రాయబోయేది ఒక అట్ట పుస్తకం గురించి. హోటల్లో బల్ల దగ్గర కూర్చోగానే చేతికిస్తారే, ఆ మెనూ పుస్తకం గురించి.

శనివారం పొద్దున్నే స్నానం చేసి, తెచ్చుకున్న కొత్త చీర కట్టుకుని, మా ఆవిడ ఒకే ఒక్క కోరిక వెలిబుచ్చింది. "పుట్టినరోజు పూట కాస్త పులిహోర తింటే బాగుండును" అని. ఇంట్లో ఉంటే తనే తెల్లవారుజామున లేచి కలిపేది. మధ్యాహ్నం మేము దిగిన హోటల్లోనే కింద ఉన్న భోజనశాలకు వెళ్ళాం. చల్లగా, మసక వెలుతురుతో గర్భగుడిలా ఉంది. తలా ఒక పుస్తకం ఇచ్చారు. నిఘంటువంత బరువు. తెరిస్తే మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఇంగ్లీషే. ఊరు విశాఖపట్నం, యజమాని తెలుగువాడు, చుట్టూ కూర్చుని తింటున్నవారిలో ముప్పాతిక మంది తెలుగులోనే మాట్లాడుకుంటున్నారు. పుస్తకంలో మాత్రం తెలుగక్షరం ఒక్కటి లేదు.

మా ఆవిడ ఏడో తరగతి వరకు తెలుగులో చదువుకున్నది. "ఆవిడకు చదువు రాదు" అనుకునేరు. పొద్దున్నే వార్తాపత్రిక నాకంటె ముందు ఆవిడ చేతికే వెళ్తుంది. యద్దనపూడి నవలలన్నీ రెండేసిసార్లు చదివింది. పోతన భాగవతంలో నేను తడుముకునే చోట అందించగలదు. ఈ పుటల్లో నేను రాసేవాటిలో అచ్చుతప్పులు పట్టేదీ ఆవిడే. అటువంటి మనిషి కళ్ళజోడు సవరించుకుని ఆ పుస్తకం పుటలు ఒక్కొక్కటే తిప్పుతున్నది. శనివారం కనుక మాంసం ముట్టదు. పేర్ల పక్కన వేసే ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తని మనవడు ఎప్పుడో చెప్పాడు. అంకెలు ఎలాగూ వచ్చు. అంచేత ఆవిడకు తెలుస్తున్నదేమిటయ్యా అంటే, ఇది శాకాహారమే, దీని ఖరీదు నాలుగువందల తొంబై అయిదు రూపాయలు. అదేమిటో మాత్రం తెలియదు!

నాలుగు పుటలు తిప్పి, పుస్తకం మూసి, బల్ల అంచున పెట్టి, "మీరేం తింటే నాకూ అదే చెప్పండి" అన్నది.

ఈ మాట నేను నలభై యేళ్ళుగా వింటున్నాను. విన్నప్పుడల్లా అది పతిభక్తి అనో, మొహమాటమనో, తిండి మీద ఆశ లేకపోవటమనో అనుకుని లోలోపల మురిసిపోయినవాణ్ణే. చదవటానికి వీలులేని కాగితం చేతికిస్తే మనిషి చెప్పగల మర్యాదైన మాట అదొక్కటేనని, ముప్పై యేళ్ళు పిల్లలకు తెలుగు చెప్పినవాడికి ఆనాటివరకు తట్టలేదు. ఇందులో హోటలువారి తప్పు ఎంతో, నాదీ అంతే.

వడ్డించే అబ్బాయిని అడుగుదామంటే, పాపం, అతను ఒడిశా నుంచి వచ్చినవాడు. హిందీలో గడగడా నాలుగు పేర్లు అప్పజెప్పాడు. ఎప్పుడో హిందీ ప్రచార సభ పరీక్షలు రాసిన నాకే సగం అందలేదు. ఊరు కాని ఊరు వచ్చి, నిలువుకాళ్ళ మీద పనిచేస్తున్న ఆ పిల్లవాణ్ణి అనవలసిందేమీ లేదు. చివరికి అమ్మాయే ఏవో తెప్పించింది. మొక్కజొన్న పొత్తులు నిలువునా కోసి వేయించినదొకటి, పనీరు కూరొకటి, వెన్న రాసిన రొట్టెలు. మా ఆవిడ "బాగుంది, బాగుంది" అంటూ సగం తిని సగం మనవడి పళ్ళెంలోకి తోసింది. చేతులు కడుక్కుని వచ్చాక ఊరకే ఆ పుస్తకం తిరగేస్తుంటే, అయిదో పుటలో అడుగున నాకు కనిపించింది, "టామరిండ్ రైస్" అని. ఆకుపచ్చ చుక్కతో సహా. దాని కింద "కర్డ్ రైస్". పులిహోర, దద్దోజనం రెండూ ఉన్నాయన్నమాట. నాకు బాగా గుర్తు, ఆవిడ ఆ పుట మీద కాసేపు ఆగి మరీ తిప్పింది.

దధ్యోదనమనే సంస్కృతపదాన్ని తెలుగు నోరు దద్దోజనంగా మార్చుకుని ఎన్ని తరాలు తిన్నదో! దానికి మళ్ళీ ఇంగ్లీషు ముసుగు వేసి, తిన్నవాళ్ళే గుర్తుపట్టకుండా చేశాం.

మనకు భోజనపట్టిక అనేదే కొత్త, అది ఇంగ్లీషువాళ్ళతో వచ్చింది, అందుకే ఇంగ్లీషులో ఉంటుంది అని ఒక మిత్రుడు వాదించాడు. కాదని చెప్పటానికి క్రీడాభిరామం చాలు. 15వ శతాబ్దపు వీథినాటకం అది. కర్త వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అని పండితులు చాలాకాలం పోట్లాడుకున్నారు. ఆ తగవు మనకిప్పుడు వద్దు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే స్నేహితులిద్దరు ఓరుగల్లు వీథులు తిరుగుతారు. అక్కడ లక్ష్మణవజ్ఝల ఇల్లని ఒక పూటకూళ్ళ ఇల్లుంది. ఆ ఇంట ఒక రూకకు ఏమేమి పెడతారో ఒక్క పద్యంలో వస్తుంది. మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. పదార్థాలూ ఉన్నాయి, ధరా ఉంది. మెనూ అంటే అంతకంటె ఏముంటుంది? అయిదువందల యేళ్ళ కిందటి బాటసారికి తన భాషలో దొరికిన సమాచారం, నేటి విశాఖలో మా ఆవిడకు దొరకలేదు.

చట్టం ఏమంటుందో చూద్దామని కొంత వెదికాను. కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 నాటి లేబులింగ్ నియమావళిలో, పది చోట్లకు తక్కువ కాకుండా శాఖలున్న భోజనశాలలు ఒక్కొక్క పదార్థం పక్కన అది ఎన్ని కేలరీలో చూపించాలన్నారు. మంచిదే. కాని ఆ పదార్థమేదో తినేవాడికి తెలిసిన భాషలో చెప్పాలన్న పట్టుదల ఎక్కడా కనపడదు. పొట్లాల్లో అమ్మే ఆహారం మీద వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలోని హిందీలో గాని ఉండాలి. తక్కిన భాషలు కావాలంటే అదనంగా వేసుకోవచ్చు. వేసుకోవచ్చునంటే వేయరనే అర్థం. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు ఎనిమిది కోట్ల పైచిలుకు. వాళ్ళందరూ "అదనం" కింద జమ!

అలాగని దేశంలో తెలుగుకు అసలు చోటు లేదా అంటే, ఉన్నది. రైల్వేస్టేషను పేరు తెలుగులో ఉంటుంది. ఆర్టీసీ బస్సు నుదుట ఊరిపేరు తెలుగులో ఉంటుంది. మా ఆవిడ రాజమహేంద్రవరం నుంచి తన పుట్టింటికి ఒక్కతే వెళ్ళి వస్తుంది, ఎవరినీ ఏమీ అడగదు. ఇంతెందుకు, ఆ మధ్యాహ్నం వడ్డించిన అబ్బాయికి నేనిచ్చిన వందరూపాయల నోటు వెనుక కూడా తెలుగక్షరాలున్నాయి. డబ్బు మీద తెలుగుంది. ఆ డబ్బు పెట్టి కొనేదాని మీద లేదు.

"తెలుగులో అచ్చువేయించటం కష్టం, ఖతులు కుదరవు" అనే సాకు ఇంకొకరు చెప్పవచ్చు గాని మనకు చెప్పకూడదు. పోతన, వేమన ఖతులు దింపుకుని, డబ్బాలు డబ్బాలుగా కనిపించే తెరను బతిమాలుకుని, గుణింతం గుణింతంగా తెలుగును కంప్యూటరులోకి ఎక్కించినవాళ్ళం మనం. జీతం లేకుండా, ఎవరూ అడగకుండా చేశాం. ఈనాడు చేతిఫోనులో ముక్కుపచ్చలారని పిల్లవాడు తెలుగు కొడుతున్నాడు. నాలుగు వందల పదార్థాలు వండగల హోటలుకు నాలుగు వందల పేర్లు తెలుగులో వేయటం అసాధ్యమా?

ఇక్కడ నా తోటి పండితులతోనూ నాకొక పేచీ ఉంది. ఈ మాట ఎత్తగానే వాళ్ళు అచ్చతెలుగు పేర్లు పుట్టించటానికి పూనుకుంటారు. నూడుల్సుకూ మంచూరియాకూ తెలుగుమాట కల్పించి ఆ పట్టిక నా చేతికిస్తే, నాకే ఆకలి చచ్చిపోతుంది. నాకు కావలసింది అనువాదం కాదు, లిపి. "పనీర్ బటర్ మసాలా" అని తెలుగక్షరాల్లో వేస్తే చాలు, మా ఆవిడ చదువుకుంటుంది, తెలియకపోతే "పనీరంటే ఏమిటి?" అని అడుగుతుంది. అడగటానికైనా ముందు పేరు పలకగలగాలి కదా. పులిహోరను మాత్రం పులిహోర అనే అనండి. యంత్రానువాదాల జోలికి అసలే పోవద్దు. ఒకచోట ఎవరో యంత్రం చేత చేయించి, గోబీ చిల్లీని "చల్లటి క్యాబేజీ పువ్వు" అని అచ్చువేశారు. అది నవ్వుకోవటానికి బాగుంది గాని తెప్పించుకోవటానికి ధైర్యం చాలలేదు.

అమ్మాయి వాదన వేరు. "మేమున్నాం కదా నాన్నా, చదివి చెప్పటానికి" అంటుంది. ఉన్నారు, సంతోషం. కాని తన పుట్టినరోజున తన నోటికి ఏం కావాలో మనిషి తానే చూసి చెప్పుకోవటానికీ, పక్కవాళ్ళు చదివి వినిపించిన నాలుగింటిలో ఒకటి సరేననటానికీ చాలా తేడా ఉంది. వినిపించేవాళ్ళు తమకు నచ్చినవే వినిపిస్తారు. నేనూ నలభై యేళ్ళు అదే చేశాను.

ఆదివారం తెల్లవారకుండానే కారులో అరకు బయలుదేరాం. అనంతగిరి ఘాట్ దాటిన తరువాత రోడ్డు పక్కన వరుసగా పాకలు, నిప్పుల మీద నిలబెట్టిన వెదురు బొంగులు. ఒక పాక ముందు చెక్కకు నల్లరంగు పూసి సుద్దముక్కతో రాసి ఉన్నది. బొంగులో చికెన్, పావుకిలో ఇంత, అరకిలో ఇంత, కిలో ఇంత, మొక్కజొన్న కంకి ఇంత, కాఫీ ఇంత. "మొక్కజొన్న"కు న కింద న వత్తు లేదు. నాలోని పంతులు చెయ్యి దురదపెట్టినా ఊరుకున్నాను. కారు ఇంకా ఆగకుండానే మా ఆవిడ కిటికీలోంచి పైకే చదివేసింది.

అంతే, ఆ మనిషే వేరు. దిగి, ఆ దుకాణం నడిపే గిరిజన స్త్రీ దగ్గరకు వెళ్ళి, కోడి ఎప్పుడు కోశారని అడిగింది. నూనె వేయరా అని అడిగింది. వేయమని ఆమె చెప్పింది. ఉప్పు, కారం, మసాలా పట్టించిన ముక్కలు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతారట. వెదురులోని తడికే ముక్క ఉడుకుతుందట. ఇద్దరూ వంట సంగతులు మాట్లాడుకుంటూ పావుగంట నిలబడ్డారు. అరకిలో చాలదు, కిలో తీసుకుంటే ధర తగ్గించమని బేరం కూడా చేసింది. ఆమె తగ్గించలేదు, అది వేరే సంగతి. మనవడికి కారం తక్కువ ఉన్నది ఏరి పెట్టింది. అల్లుడికి ఇంకొంచెం వేయించింది. అందరికీ తనే చెప్పి, నావైపు తిరిగి, "మీకేం కావాలండీ?" అన్నది. నలభై యేళ్ళలో హోటలు ముఖాన ఆవిడ నన్ను ఆ ప్రశ్న అడగటం అదే మొదటిసారి. "నువ్వేం తింటే అదే" అన్నాను. ఆకులో వేడి వేడిగా పెట్టారు. ఎంత బాగుందో రాయటం నా వల్ల కాదు.

రాత్రి బండికి ఇంకా సమయముండటంతో విశాఖలో మళ్ళీ ఆ కింది భోజనశాలకే వెళ్ళాం. ఈసారి పుస్తకం తెరవకుండానే, "పులిహోర ఒకటి, దద్దోజనం ఒకటి" అని నేను చెప్పాను. అబ్బాయి తెల్లముఖం వేశాడు. అయిదో పుట తెరిచి వేలుపెట్టి చూపించాక నవ్వి, తీసుకొచ్చాడు. "పోపులో ఇంగువ తక్కువైంది" అంటూనే మా ఆవిడ మొత్తం తిన్నది, మనవడి వైపు తోయలేదు.

బిల్లుతో పాటు అభిప్రాయాలు రాయమని ఒక కాగితం ఇచ్చారు. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే. రుచి ఎలా ఉంది, శుభ్రత ఎలా ఉంది అని. వాటినన్నిటినీ వదిలేసి, అడుగున ఉన్న ఖాళీలో తెలుగులో రాశాను. "అయ్యా, మీ పదార్థాల పేర్లు తెలుగులో కూడా అచ్చువేయించండి. కొత్త పుస్తకం వద్దు, ఇందులోనే ప్రతి పేరు కింద చిన్న అక్షరాలతో వేసినా చాలు. మీ దగ్గరకు వచ్చేవారిలో చదువుకున్నవారు చాలామంది ఉంటారు" అని. మీరూ ఎక్కడ భోంచేస్తే అక్కడ ఒక్క ముక్క ఇలా రాసి రండని మనవి. పదిమంది రాస్తే ఒకరైనా చదవకపోరు.

సంతకం పెట్టబోతుంటే మా ఆవిడ ఆ కాగితం తన వైపుకు తిప్పుకుని మొత్తం చదివింది. "పదార్థాలకు థ వత్తు వదిలేశారు" అని కలం అడిగి, తనే దిద్ది, కింద తన పేరు కూడా రాసింది.