భూమి జెన్‌కో పేరున.. తవ్వకం ప్రైవేటుది! మరి రైతు అంగీకారం?

ప్రైవేటు కంపెనీ కోసం సర్కారు భూమి తీసుకోవాలంటే 80 శాతం బాధిత కుటుంబాలు ఒప్పుకోవాల్సిందే. 2013 భూసేకరణ చట్టం చెప్పేది ఇదే. ప్రభుత్వ సంస్థ కోసమైతే మాత్రం ఈ షరతు లేదు. అసలు చిక్కు ఇక్కడే!

ఉమ్మడి కరీంనగర్‌లోని తాడిచర్లనే (ఇప్పుడు భూపాలపల్లి జిల్లా) చూడండి. బొగ్గు బ్లాక్ జెన్‌కోది, తవ్వేది ప్రైవేటు కాంట్రాక్టర్. ఇలాంటి గనులకు ఇకపై భూమి తీసుకున్నా కాగితంపై సర్కారు సంస్థ పేరే ఉంటుంది. అంటే 80 శాతం రూల్ పక్కకు పోయినట్టే.

ఆదిలాబాద్ ఏజెన్సీలో గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు అంగీకారం తప్పనిసరి. మైదాన ప్రాంత రైతుకు ఆ అండ కూడా లేదు. ఆయనకు ఉన్న ఒక దారి.. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లో కలెక్టర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వడం.