చెకవుట్ చేసి మర్చిపోయిన గరిటె

ముందుగా ఒక ఒప్పుకోలు. జర్మనీలో ఉండే ఒక పెద్దావిడ గరిటెని పద్నాలుగు నెలల పాటు ఎటూ కదలకుండా చేసిన ఘనుడిని నేనే. అసలు కదలకుండా అనకూడదేమో, కదిలింది. ఎవరికీ తెలియకుండా కదిలింది. అది ఇంకా ఘోరం. ఎందుకో చెబుతాను.

జియోకాషింగ్ తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. (తెలిసిన వాళ్ళు ఈ పేరా, దీని తర్వాతది దాటెయ్యొచ్చు.) 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీయస్ సిగ్నల్లో కావాలని కలిపే తప్పుని ఆపేసింది. ఆ మర్నాడు, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ లో బీవర్ క్రీక్ దగ్గర ఒక బకెట్ దాచి దాని అక్షాంశ రేఖాంశాలు నెట్ లో పెట్టాడు. వెతకండి, దొరికితే పుస్తకంలో పేరు రాయండి, ఒక వస్తువు తీసుకుంటే ఒకటి పెట్టండి. ఆట అంతే. ఆ మొదటి బకెట్లో ఉన్న బీన్స్ డబ్బా ఈరోజుకీ ఉంది, దానికి కూడా ఒక నంబరిచ్చి తిప్పుతున్నారు.

ఆ నంబర్ల సంగతే నేను చెప్పబోయేది. సైనికుల మెడలో వేలాడే లాంటి లోహపు బిళ్ళ ఒకటి ఉంటుంది, దాన్ని ట్రావెల్ బగ్ అంటారు. దాన్ని ఏదో ఒక వస్తువుకి తగిలించి ఒక డబ్బాలో వదిలేస్తారు. దొరికిన వాళ్ళు దాన్ని తీసుకుని ఇంకో డబ్బాలో వదలాలి. ప్రతి మకాం సైటులో నమోదవుతుంది, యజమాని ఇంట్లో కూర్చుని తన వస్తువు ఎన్ని మైళ్ళు తిరిగిందో చూసుకుంటాడు. 2008లో రిచర్డ్ గారియట్ ఒకదాన్ని అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్ళాడు. 2021లో అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవర్లో కూడా ఇలాంటి కోడ్ ఒకటి చెక్కి ఉంది. మన గరిటె మాత్రం మిర్యాలగూడ వంటింట్లో ఆగిపోయింది :)

సరే, జరిగింది ఇది. 2022 ఆగస్టులో డాలస్ పక్కన ఇర్వింగ్ లో ఒక పార్కులో నాకు ఈ గరిటె దొరికింది. జానెడు పొడవు చెక్క గరిటె, చివర చిన్న గొలుసుతో బిళ్ళ. దాని పేజీలో యజమాని రాసుకుంది చదివాను. ఆ గరిటె వాళ్ళమ్మదట. అమ్మ పోయాక దీన్ని ప్రపంచం మీదకి వదిలింది. కోరిక ఒకటే: వరి పండే ఊళ్ళు చూడాలి. ఇంకేముంది, నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. వరి పండే ఊళ్ళంటే మావే కదా! మాది సూర్యాపేట, అత్తగారిది మిర్యాలగూడ, వదినని ఇచ్చింది కోదాడ. సాగర్ ఎడమ కాలువ, మిర్యాలగూడ రైస్ మిల్లులు, ఈ గరిటెకి ఇంతకన్నా యోగ్యమైన వాడు దొరకడనుకున్నా. తీసుకున్నట్టు సైట్లో నొక్కాను. రెండు వారాల్లో సెలవుకి ఇండియా వచ్చాను. మిర్యాలగూడలో బ్యాగ్ విప్పాను. తిరిగి వెళ్ళేటప్పుడు గరిటె బ్యాగ్ లో లేదు. ఆ సంగతి గమనించను కూడా లేదు.

ఆ రోజుల్లో విజువల్ సోర్స్ సేఫ్ మీద పని చేసిన వాళ్ళకి ఈ బాధ చెప్పక్కర్లేదు. ఒకడు ఫైలు చెకవుట్ చేసి పెళ్ళికి పోతాడు. మిగతా టీమ్ అంతా వాడి పేరు చూసుకుంటూ కూర్చుంటుంది. అలాంటి వాణ్ణి తిట్టినన్ని తిట్లు నేను ఎవర్నీ తిట్టలేదు. పద్నాలుగు నెలల పాటు సైట్లో ఆ గరిటె ఎదురుగా ఉన్న పేరు నాది.

2023 దసరాకి ఊరొచ్చాను. వచ్చిన మూడో రోజు ఆవిడ నుంచి మెయిల్. కోపం లేదు, ఫిర్యాదు లేదు. "మా అమ్మ గరిటె వరి పొలం చూసిందా?" అని ఒక్క ప్రశ్న. మా పాత మేనేజర్ ఎస్కలేషన్ మెయిళ్ళలో ఒక్కటి కూడా నన్ను అంత ఇబ్బంది పెట్టలేదు.

వెంటనే మా బామ్మర్దికి ఫోన్ కొట్టాను. "ఏంది బావా, పండక్కి పిలుస్తవనుకుంటే గరిటె అడుగుతున్నవ్!" అని నవ్వాడు. ఫోన్ అత్తమ్మకి ఇచ్చాడు. అప్పుడు బయటపడింది కథ. బ్యాగ్ పక్కన గరిటె కనపడితే అత్తమ్మ కడిగి వంటింట్లో పెట్టింది. "కుక్క మెడకు కట్టే బిళ్ళ వంటింట్ల ఎందుకని తీసి బీరువాల పెట్టిన" అంది. తప్పు ఆమెది కాదు, ఆమాటకొస్తే ఎవరైనా అదే చేస్తారు. తర్వాతి ఎండాకాలం ఆవకాయ పెట్టారు, జాడీ కోదాడ వదిన వాళ్ళకి పంపారు, జాడీతో పాటు గరిటె వెళ్ళింది.

అంటే, బిళ్ళ మిర్యాలగూడ బీరువాలో భద్రంగా ఉంది. గరిటె హుజూర్ నగర్ మీదుగా కోదాడ చేరి హాయిగా పని చేసుకుంటోంది. ఒకటి భద్రంగా ఉంది కానీ కదల్లేదు, ఇంకోటి కదిలింది కానీ ఎవరికీ తెలియదు. రెండూ విడిపోయాక రెండూ దండగే.

అసలు నేను ఇంత బారుగా రాయడానికి కారణం ఆ తర్వాత జరిగింది. వదిన ఆ సాయంత్రమే గరిటెని కవర్లో పెట్టి, హైదరాబాద్ వెళ్తున్న పక్కింటి అబ్బాయి చేతికిచ్చింది. నాకు వాట్సాప్ లో బస్సు నంబరు, సీటు నంబరు, ఆ అబ్బాయి సెల్ నంబరు వచ్చాయి. మునగాల దాటినప్పుడు ఆ అబ్బాయే ఫోన్ చేసి "అన్నా, ఇంకో అరగంట" అన్నాడు. సూర్యాపేట బస్టాండులో బస్సు ఆగిన ఐదు నిమిషాల్లో కిటికీలోంచి కవర్ నా చేతికొచ్చింది. నేను అందుకోగానే వదినకి ఫోన్ వెళ్ళింది, "ముట్టింది" అని. బిళ్ళని బామ్మర్ది మర్నాడు తనే బండి మీద తెచ్చాడు (బిర్యానీ ఖర్చు నాది).

సర్వర్ లేదు, యాప్ లేదు. పంపేవాడికి తెలుసు, మోసేవాడికి తెలుసు, అందుకునేవాడికి తెలుసు. ఆ హైవే మీద బస్సుల్లో మందులు, సర్టిఫికెట్లు, హాల్ టికెట్లు ఇలా చేతులు మారడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. 2020లో ఆర్టీసీ కార్గో వచ్చాక రసీదు కూడా ఇస్తున్నారు. మనకి రాని విద్యేమీ కాదిది. మరి నేను ఎక్కడ తప్పాను? గరిటె ఎవరిదో, ఎందుకు వచ్చిందో మా ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు. నంబరు సైట్లో ఉంది, కథ నా బుర్రలో ఉంది.

మా సూర్యాపేట పక్కన దురాజ్ పల్లిలో పెద్దగట్టు జాతర రెండేళ్ళకోసారి జరుగుతుంది. జాతరకి కేసారం నుంచి దేవరపెట్టెని గట్టుకి మోసుకొస్తారు. ఆ పెట్టె ఎవరింటి నుంచి బయల్దేరుతుందో, ఎవరు మోస్తారో ఊళ్ళో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. పెట్టెకి తాళం కన్నా అది పెద్ద కాపలా. దేవుడి పెట్టెకీ ఆట బిళ్ళకీ పోలికేంటని కొందరికి కోపం రావచ్చు. నేను పోలుస్తున్నది మోసే పద్ధతిని మాత్రమే.

ఇక నా అభిప్రాయం, కొందరు మిత్రులకి నచ్చదు. మన ఊళ్ళలో ట్రావెల్ బగ్ ని డబ్బాలో వదలొద్దు. చేతిలోంచి చేతికే ఇవ్వాలి. "డబ్బా లేకపోతే ఆటేముంది?" అని హైదరాబాద్ లో ఒక ఫ్రెండ్ గట్టిగా వాదించాడు. నిజమే, ఆట మజా అందులోనే ఉంది. కానీ 2013 ఫిబ్రవరిలో దిల్ సుఖ్ నగర్ పేలుళ్ళు చూసిన వాళ్ళం. 2015 ఏప్రిల్ లో మా సూర్యాపేట బస్టాండులోనే తనిఖీకి వచ్చిన పోలీసుల మీద కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. ఆ బస్టాండు గోడ సందులో ఎవడైనా ప్లాస్టిక్ డబ్బా దూర్చి పెడితే జనం ఏం చెయ్యాలి? పోలీసుల్ని పిలవాలి. పిలిస్తే నేను తప్పు పట్టను.

ఆ దసరాకి నాకు కూడా పిల్లలమర్రిలో ఒక డబ్బా పెట్టాలని దురద పుట్టింది. కాకతీయుల కాలపు గుళ్ళు, చెరువు, ఎంత బాగుంటుందో. మానుకున్నాను. గుడి రాళ్ళ మధ్య వెతుకులాట నేను మొదలుపెడితే చివర్లో ఎవడో ఒకడు రాయి కదుపుతాడు. పైగా సెలవుల్లో వచ్చి డబ్బా పెట్టి విమానం ఎక్కేసే వాళ్ళని సైటు వాళ్ళే ఒప్పుకోరు. మూత పగిలితే మార్చడానికి, వానకి తడిసిన పుస్తకం ఆరబెట్టడానికి దగ్గర్లో మనిషి ఉండాలి. డాలస్ నుంచి నేను సూర్యాపేట డబ్బాకి సపోర్ట్ ఇవ్వలేను కదా.

చేతికి చేతికి ఇవ్వడం ఆట రూల్స్ కి విరుద్ధం కూడా కాదు. డబ్బాలోంచి కాకుండా వేరే చోట తీసుకున్నట్టు నమోదు చేసే వీలు సైట్లో ఉంది. బిళ్ళ మీది నంబరు చూసిన వాడే అది చెయ్యగలడు. అందుకే ఆ నంబరు కనపడేలా ఫోటో పెట్టకండి బాబూ. అది పాస్ వర్డ్. పేజీలో అందరికీ కనిపించే టీబీ నంబరు వేరు, బిళ్ళ మీది నంబరు వేరు. ఫోటోలో రెండోది కనపడితే ముట్టుకోని వాళ్ళు కూడా "చూశాం" అని రాసేస్తారు, యజమానికి తన వస్తువు ఎక్కడుందో తెలియకుండా పోతుంది.

ఆలస్యం అవుతుందనిపిస్తే యజమానికి రెండు లైన్లు రాసి పడెయ్యండి. రెండు వారాలు దాటితే చెప్పడం మర్యాద అని ఆటగాళ్ళ మాట. మన సెలవులకి రెండు వారాలు చాలవు, ఒప్పుకుంటా, కానీ మెయిల్ కి రెండు నిమిషాలు చాలు. ఇంకోటి, వస్తువుకి ఒక చిన్న కార్డు తెలుగులో రాసి లామినేట్ చేసి కట్టండి: ఇది ఫలానా వాళ్ళది, ప్రయాణంలో ఉంది, వాడొద్దు, పారెయ్యొద్దు, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి. ఇంగ్లీషు బిళ్ళ అత్తమ్మకి కుక్క బిళ్ళలా కనపడిందంటే తప్పు బిళ్ళది, దాన్ని అలా వదిలేసిన నాది.

ఆవిడకి నిజం మొత్తం రాశాను, ఆవకాయతో సహా. వాడపల్లి దారిలో కోతకొచ్చిన వరి మడి గట్టు మీద గరిటెని, బిళ్ళని కలిపి ఫోటో తీసి పంపాను (నంబరు మీద బొటనవేలు అడ్డం పెట్టి). ఇంకో ఫోటోలో అత్తమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. ఆవిడ జవాబులో నా క్షమాపణ గురించి ఒక్క మాట లేదు. ఆవకాయ ఎలా పెడతారో అడిగింది. అత్తమ్మ చెబితే నేను తర్జుమా చేసి పంపాను, కొలతలు గ్లాసుల్లో.

తిరుగు ప్రయాణంలో హైదరాబాద్ లో పైన చెప్పిన ఫ్రెండ్ కే గరిటె ఇచ్చాను, నా ముందే నమోదు చేయించి. అతను ఆఫీసు పని మీద కౌలాలంపూర్ వెళ్తూ తీసుకెళ్ళి అక్కడ ఒక డబ్బాలో వదిలాడు. చివరిసారి చూసినప్పుడు పెనాంగ్ లో ఎవరి దగ్గరో ఉంది. గరిటె ఎర్రగా ఎందుకుందని ఆయన పేజీలో అడిగాడు. జవాబు ఆవిడే రాసింది.