బరువు చూసి కార్డు రాస్తే సరిపోతుందా?



ఈ పోస్టు పెట్టాలా వద్దా అని మా రూమ్‌లో రెండు రాత్రులు గొడవ పడ్డాం. "మన ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలు రక్తం లేక, జ్వరాలొచ్చి, పచ్చకామెర్లొచ్చి పడిపోతుంటే లావు గురించి రాస్తారేంట్రా, నవ్వుతారు" అన్నాడు మాలో ఒకడు. నిజమే. మేమూ మొన్నటిదాకా అది టౌన్ పిల్లల రోగం, బండి మీద స్కూలుకి వెళ్ళేవాళ్ళ రోగం అనుకున్నాం. కానీ దసరా సెలవులకి ఊరెళ్ళినప్పుడు విన్నది మనసులోంచి పోవట్లేదు. ముందు చదవండి, తర్వాత తిట్టండి.

మా ఊరి తమ్ముడొకడు ఎనిమిదో తరగతి, హాస్టల్లో ఉంటాడు. వాళ్ళ బడికి డాక్టర్ల టీం వచ్చింది. అందర్నీ లైన్లో నిలబెట్టి ఎత్తు, బరువు చూశారు. వీడి బరువు గట్టిగా చదివారట. వెనకనుంచి ఎవడో "పందిపిల్ల" అన్నాడు, అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో ఒక సారు కూడా ఉన్నాడట. కార్డు మీద ఏదో రాశారు, కార్డు ఆఫీసు బీరువాలోకి పోయింది. ఇంట్లో వాళ్ళ అమ్మకి ఇప్పటికీ తెలీదు. ఆ రోజు నుంచి వాడు రాత్రి మెస్‌కి వెళ్ళడం మానేశాడు. ఆకలేస్తే ట్రంకుపెట్టెలో దాచుకున్న మసాలా ప్యాకెట్ తింటున్నాడు. అంటే ఆరోగ్య కార్యక్రమం వచ్చి వెళ్ళాక వాడి తిండి ఇంకా చెడింది.

టీంలు రావడం తప్పని మేం అనట్లేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది, పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ దాకా చూస్తారు, బడికి ఏడాదికి ఒకసారి వస్తారు. మా క్లాసులో ఒకమ్మాయికి గుండెలో రంధ్రం ఉందని కనిపెట్టింది అలాంటి టీమే. కానీ గుండె రంధ్రం వేరు, ఒళ్ళు పెరగడం వేరు. దాన్ని కనిపెట్టి పెద్దాసుపత్రికి పంపితే అయిపోదు. అది రోజూ మన కంచంలో, గ్రౌండ్‌లో, గేటు బయట తయారయ్యేది. ఏడాదికి ఒక్క రోజు వచ్చేవాళ్ళు దాన్ని ఎలా ఆపుతారు?

లెక్క ఒకటి చెప్తాం. 2016-18లో దేశమంతా పిల్లల పోషణ మీద కేంద్రం చేయించిన సర్వేలో, 10 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో వందకి 24 మంది మరీ సన్నం, 5 మంది ఉండాల్సిన దానికంటే లావు. "చూశారా, సన్నమే మన సమస్య" అంటారు. అదే సర్వేలో వందకి 10 మందికి షుగర్ వచ్చే ముందరి దశ ఉంది. లావుగా ఉన్నవాళ్ళు అయిదుగురైతే ఈ పదిమంది ఎక్కడినుంచి వచ్చారు? చూడ్డానికి బక్కగా ఉన్నవాళ్ళూ అందులో ఉన్నట్టే కదా. ఒకే కంచం ఒకణ్ణి రక్తం లేకుండా చేస్తోంది, ఇంకొకణ్ణి లావు చేస్తోంది. రెండూ వేరు వేరు గొడవలు కావు.

ఆ కంచంలో ఏముంటుందో మనకి చెప్పాలా? తెల్లన్నం గుట్ట, పక్కన నీళ్ళ సాంబారు. 6 నుంచి 8 తరగతుల మధ్యాహ్న భోజనానికి ఉన్న రూల్ 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు. మన హాస్టల్ కంచంలో ఆ 30 గ్రాముల పప్పు ఎన్నిసార్లు కనబడింది? చింతపల్లి వైపు రాజ్మా మనవాళ్ళే పండిస్తారు, బస్తాలకెత్తి కింద మార్కెట్లకి పంపుతారు. మన హాస్టల్లో పెట్టగా మేం ఒక్కసారీ తినలేదు. చోడి అంబలి తాగొచ్చామంటే నవ్విన రోజులు మేం చూశాం. ఇప్పుడు అదే చోడి రాగిజావ అయ్యి 2023 మార్చి నుంచి ఆంధ్రా బడుల్లోకి వచ్చింది. మంచిదే. కాకపోతే బెల్లం చేయి జారకుండా వెయ్యాలి, అది వేరే సంగతి.

మా సంగతీ చెప్పాలి. డిగ్రీకి కొండ దిగినప్పుడు మాలో ఒకడు 48 కిలోలు. రెండేళ్ళకి 65. ఇంటికెళ్తే అమ్మమ్మ "బాగా ఒళ్ళు చేశావు, దొరలా ఉన్నావు" అని మురిసిపోయింది. తిండిలేని రోజులు చూసిన మనిషి, ఆమెని ఏమనగలం? కానీ వాడిప్పుడు మా ఊరి గట్టు సగం ఎక్కి కూర్చుండిపోతున్నాడు.

ఇక ఆట. తొమ్మిది, పది తరగతులు వచ్చేసరికి పీటీ పీరియడ్ స్టడీ అవర్ అయిపోతుంది. ఆడపిల్లలకైతే పెద్దమనిషి అయ్యాక గ్రౌండే ఉండదు. 17 ఏళ్ళ లోపు వాళ్ళు రోజుకి గంట ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఊళ్ళో ఉంటే ఎవరూ చెప్పక్కర్లేదు. సంతకి నడక, పోడుకి నడక, నీళ్ళకి నడక. హాస్టల్లో రూమ్ నుంచి క్లాసు, క్లాసు నుంచి మెస్. థింసా ఉంది కదా అంటారేమో. ఉంది, ఆగస్టు 9న, పెద్ద ఆఫీసర్లు వచ్చినప్పుడు. అదే థింసా రోజూ సాయంత్రం అరగంట అమ్మాయిల హాస్టల్లో ఆడనిస్తే ఎవరికి నష్టం? సామాన్లు అక్కర్లేదు, పీఈటీ పోస్టు ఖాళీగా ఉన్నా ఆగదు.

గేటు బయట కొట్టు గురించి రాయడానికే మాకు మొహమాటం. ఎందుకంటే ఆ కొట్టు మన పిన్నిదే. బాబాయి పోయాక దాని మీదే ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. ఆహార భద్రతా సంస్థ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడి లోపలా, గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదు. మేం అడుగులు వేసి చూశాం, పిన్ని కొట్టు ఇరవై మీటర్లు కూడా ఉండదు. ఒక 250 ఎంఎల్ కూల్‌డ్రింక్‌లో ఆరేడు చెంచాల చక్కెర ఉంటుంది, సీసా వెనక చదివితే తెలుస్తుంది. అలాగని కంప్లైంట్ పెట్టి కొట్టు మూయిస్తే అది న్యాయమా? పిన్నితో కూర్చుని మాట్లాడాం. ఉడకబెట్టిన పల్లీలు, చిలగడదుంపలు, మొక్కజొన్న పొత్తులు, జామకాయలు, సీజన్లో సీతాఫలాలు అమ్మితే పిల్లలు కొంటారా అని అడిగింది. "ప్యాకెట్లయితే పాడవవు కదా నాన్నా, మిగిలిన జామకాయ ఎవరు తింటారు?" అంది. మా దగ్గర జవాబు లేదు. దానికి బడే ముందుకు రావాలి. సాయంత్రం స్నాక్స్‌కి ఆమె దగ్గరే పల్లీలు కొనొచ్చు కదా.

ఇంకొకటి చాలామందికి తెలీదు. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఆయుష్మాన్ భారత్ స్కూల్ హెల్త్ కార్యక్రమంలో ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చి, వారానికో గంట ఆరోగ్య పాఠం చెప్పించాలని ఉంది. తిండి గురించి, మంచి అలవాట్ల గురించి అందులో ఉంటుంది. మా బడిలో ఆ ఇద్దరు ఎవరని తమ్ముళ్ళని అడిగితే మొహాలు చూసుకున్నారు. హాస్టల్లో ఏఎన్ఎంని పెట్టమని మన సంఘాలు ఎప్పటినుంచో అడుగుతున్నాయి. పెడితే ఆమె మాత్ర ఇవ్వడం దగ్గరే ఆగకూడదు. బరువు గది లోపల, ఒక్కొక్కర్ని పిలిచి, నెమ్మదిగా చెప్పాలి. కార్డు ఇంటికి వెళ్ళాలి, చదువు రాని అమ్మకి నోటితో చెప్పాలి.

సంక్రాంతి సెలవులకి మేం ముగ్గురం హెచ్ఎం సార్‌ని కలుస్తున్నాం. రెండే అడుగుతాం: పీటీ పీరియడ్ తిరిగివ్వమని, బరువులు లైన్లో చదవొద్దని. మీ బడిలో వారానికి పీటీ ఎన్నిసార్లు నిజంగా జరుగుతోందో కింద రాయండి, టైంటేబుల్లో ఉన్నది కాదు. పిన్ని అయితే వారం రోజులు పల్లీలు పెట్టి చూస్తానంది, ఉడకబెట్టడానికి పెద్ద తపేలా లేదట. ఎవరింట్లోనైనా వాడనిది ఉంటే చెప్పండి, సంత రోజు వచ్చి తీసుకుంటాం.