మీ వారి స్నేహితుడికి ఓ మంచి సీసా

తెనాలి నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. కిందటేడు వాళ్ళాయనకి స్కూటర్ ప్రమాదం జరిగి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంటే, ఆయన చిన్ననాటి స్నేహితుడు పదకొండు రాత్రులూ మంచం పక్కన బల్ల మీద పడుకుని కనిపెట్టుకున్నాడట. డబ్బు ఇవ్వబోతే కోప్పడ్డాడు. బట్టలు పెడతామంటే నవ్వి ఊరుకున్నాడు. వచ్చే నెలలో ఆయనకి యాభై నిండుతాయి. "వాడికి మంచి విస్కీ అంటే ఇష్టం, ఒక సీసా కొనిద్దాం" అంటున్నారట ఈయన. ఈయనకేమో కాఫీ తప్ప వేరే అలవాటు లేదు! చీటీ డబ్బులో ఐదు వేలు పక్కన పెట్టాను, ఏది మంచిదో మాకెలా తెలుస్తుంది అక్కా, అసలు మనలాంటి ఇళ్ళవాళ్ళం ఇవ్వొచ్చా, అని అడిగింది.

వంటలూ ముగ్గులూ రాసుకునే చోట ఈ గోలేమిటని కొందరు ముక్కున వేలేసుకుంటారని తెలుసు. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డప్పుడు నేను ఏడో తరగతి. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా ఆగిపోవడం, 1995లో మొత్తం మద్యానికే నిషేధం రావడం, 1997లో దాన్ని సడలించడం అన్నీ ఇంట్లో పెద్దవాళ్ళ మాటల్లో వింటూ పెరిగాను. కాబట్టి ఈ సరుకు గురించి సరదాగా రాయడం నా వల్ల కాదు. కానీ ఆ చెల్లెలు అడిగింది తాగుడు గురించి కాదు, తీర్చలేని రుణం గురించి. అందుకని, గోవాలో ఒక హోటల్లో బార్ చూసుకునే మా మరిది సెలవుకి వచ్చినప్పుడు కూర్చోబెట్టి అడిగి అన్నీ రాసుకున్నాను.

కొట్టుకి వెళ్ళేముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ స్నేహితుడి భార్యకి ఫోన్ చేయండి. మీ వారు కాదు, మీరే చేయండి. ఇష్టం అన్నది ఎప్పటి మాట? కాలేజీ రోజుల్లోదా, ఇప్పటిదా? యాభై దగ్గర పడ్డాక షుగరో, బీపీయో, లివరో ఏదో ఒకటి పలకరిస్తుంది. డాక్టరు మానమని ఉండొచ్చు, ఆయన మానేసి ఉండొచ్చు, సిగ్గుపడి స్నేహితులకి చెప్పి ఉండకపోవచ్చు. కష్టపడి మానేసిన మనిషి ఇంటికి మనమే రంగు కాగితం చుట్టి సీసా తీసుకెళ్తే ఆ ఇల్లాలు మళ్ళీ ఎన్ని రాత్రులు మేలుకోవాలో ఆలోచించండి. మనకోసం పదకొండు రాత్రులు మేలుకున్న మనిషి ఇల్లది.

ఆవిడ "మీ ఇష్టం వదినా" అని కాస్త ఆగి అన్నదనుకోండి, జవాబు ఆ ఆగడంలోనే ఉంది. ఇంక సీసా ఊసెత్తకండి. ఆ ఐదు వేలతో ఒక మంచి చేతి గడియారం కొనండి, లేదా రెండు కుటుంబాలూ కలిసి శ్రీశైలం వెళ్ళిరండి. అలా కాకుండా నవ్వేసి, "ఎప్పుడైనా ఒక పెగ్గు, అదీ నేను పల్లీలు వేయించి పెడితేనే" అన్నదా, అప్పుడు కింది సంగతులు చదవండి. ఏ రకం తాగుతాడో కూడా ఆవిడకే తెలుస్తుంది. అలమరలో ఉన్న సీసా మీద పేరు చదివి చెప్పమనండి, సగం పని అయిపోతుంది.

ఇక లేబుల్ సంగతి. మనం రాగి మాల్ట్ చేసుకుంటాం కదా, రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి. అక్కడ బార్లీని అలాగే మొలకెత్తిస్తారు. దాన్ని వేడి నీళ్ళలో నానబెట్టి, పులియబెట్టి, బట్టీ పట్టి, ఓక్ కర్ర పీపాల్లో ఏళ్ళ తరబడి పెడతారు. ఒకే బట్టీలో, పూర్తిగా మాల్ట్ బార్లీతో చేస్తే అది సింగిల్ మాల్ట్. అలాంటివాటిని గోధుమ, మొక్కజొన్న లాంటి గింజలతో చేసిన విస్కీతో కలిపితే బ్లెండెడ్. కలిపారంటే కల్తీ అనుకోవద్దు. మన సాంబారు పొడిలో ఎన్ని దినుసులు కలిస్తే ఆ రుచి వస్తుంది! జానీ వాకర్ బ్లాక్ లేబుల్, షివాస్ రీగల్ బ్లెండెడ్ రకాలు. గ్లెన్‌ఫిడిక్, గ్లెన్‌లివెట్ సింగిల్ మాల్టులు. ఈ నాలుగూ చాలామందికి నచ్చే రకాలేనట. ఎక్కువ ధర పెట్టి సింగిల్ మాల్టే కొనాలని ఏమీ లేదు. ఆయన బ్లెండెడ్‌కి అలవాటు పడ్డవాడైతే అందులోనే ఒక మెట్టు పైది కొనడం మేలు.

స్కాచ్ అనే మాట సీసా మీద ఉండాలంటే అది స్కాట్లాండులో తయారై, అక్కడే కనీసం 3 ఏళ్ళు ఓక్ పీపాలో ఉండాలని వాళ్ళ చట్టం. ఆల్కహాలు 40 శాతానికి తగ్గకూడదు. కొన్ని స్కాచ్‌ల మీద 'బాటిల్డ్ ఇన్ ఇండియా' అని ఉంటుంది. అంటే పెద్ద ఎత్తున తెప్పించి ఇక్కడ సీసాల్లో నింపారన్నమాట, నకిలీ అని కాదు. చవగ్గా దొరికే చాలా దేశవాళీ విస్కీల సంగతి వేరు. వాటిలో ఎక్కువ భాగం చెరకు మడ్డి నుంచో, నూకల్లాంటి ధాన్యం నుంచో తీసిన స్పిరిట్ ఉంటుంది, దానికి కొంచెం మాల్ట్ కలుపుతారు. చెరకు మడ్డితో చేసినదాన్ని ఐరోపా దేశాల్లో విస్కీ అని అమ్మనివ్వరు.

అలాగని మన దేశానివన్నీ తీసిపారేయకండి. బెంగళూరు వాళ్ళ అమృత్ సింగిల్ మాల్టుని మొదట అమ్మకానికి పెట్టింది 2004లో, స్కాట్లాండులోని గ్లాస్గోలోనే. చేపలున్న చెరువుకే చేపలు మోసుకెళ్ళడం లాంటి ధైర్యం! గోవాలో పాల్ జాన్ ఉంది, హర్యానా నుంచి ఇంద్రి వస్తోంది. వీటి మీద తరచు వయసు అంకె కనబడదు, అది లోపం కాదు. పీపాలోంచి ఏటా కొంత ఆవిరైపోతుంది. స్కాట్లాండు చలిలో అది 2 శాతం దాకా ఉంటే, బెంగళూరు వేడికి 10 శాతం దాటుతుందట. అందుకే మన దగ్గర తొందరగా పక్వానికొస్తుంది. 12 ఏళ్ళు ఉంచితే పీపాలో మిగిలేది ఎంత?

ఆ అంకె ఉన్నచోట దాని అర్థం కూడా తెలుసుకోండి. 12 అంటే సీసాలో కలిపినవాటిలో అన్నిటికంటే చిన్నదాని వయసు 12 ఏళ్ళు. పాత బియ్యంలా ఇంట్లో దాస్తే ఇంకా మంచిదవుతుందనుకుంటారు చాలామంది. విస్కీ పీపాలో ఉన్నంత కాలమే ముదురుతుంది, సీసాలోకి దిగాక ఇక మారదు. మా బాబాయి అలమరలో ఇరవై ఏళ్ళుగా ఉంది, ఇస్తాను తీసుకోండి అని ఎవరైనా అంటే మొహమాటపడకండి.

ఒక జాగ్రత్త ముఖ్యం. కొన్ని విస్కీలకి పొగ వాసన ఉంటుంది. స్కాట్లాండులో పీట్ అనే బురదనేల మట్టిని ఎండబెట్టి కాల్చి, ఆ పొగలో బార్లీని ఆరబెడతారు. లఫ్రోయిగ్ అలాంటిది. కట్టెల పొయ్యి మీద పొగచూరిన పాలు చిన్నప్పట్నుంచీ తాగినవాళ్ళకి అమృతం, మిగిలినవాళ్ళు మొహం చిట్లిస్తారు. ఇదీ అంతే. ఆయనకి ఇష్టమని తెలిస్తేనే కొనండి.

ఎక్కడ కొనాలంటే, లైసెన్సు ఉన్న కొట్లోనే, అదీ మీ రాష్ట్రంలోనే. పన్నులు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే కాబట్టి ధరలూ వేరు, పక్క రాష్ట్రం నుంచి తెస్తే కేసవుతుంది. సీసా మీద ఎక్సైజ్ హోలోగ్రామ్ ఉందా, మూత సీలు కదలకుండా ఉందా, ముద్రించిన ధరే తీసుకున్నారా చూడమనండి. మిలటరీ క్యాంటీన్ సీసా తక్కువకి ఇప్పిస్తామనేవాళ్ళ మాట వినొద్దు, దాన్ని బయటివాళ్ళకి అమ్మడం నేరం. విదేశం నుంచి ఎవరైనా వస్తుంటే ఒక్కొక్కరు 2 లీటర్ల వరకు సుంకం లేకుండా తేవచ్చు. ఆయన పుట్టినరోజు అక్టోబరు 2న పడిందా, ముందురోజే కొనండి, ఆ రోజు షాపులుండవు. స్నేహితుడు గుజరాతులోనో బీహారులోనో ఉంటే ఈ ఆలోచనే వద్దు, అక్కడ మద్య నిషేధం ఉంది. ఇక మీ వారికి పచారీ చీటీ రాసినట్టు పేరు, సైజు కాగితం మీద రాసివ్వండి. కొట్లో కుర్రాడు "సార్, ఇది లేదు, అది తీసుకోండి" అంటే ఏదో ఒకటి పట్టుకొచ్చే రకం మగవాళ్ళు!

మామూలు సీసా 750 మిల్లీలీటర్లు. దానికి సగం, 375ది కూడా కొన్ని రకాల్లో దొరుకుతుంది. నన్నడిగితే చిన్నదే కొని, ఎక్కువ మంచి రకం కొనండి. మిగిలిన డబ్బుతో ఆవిడకో చీర తీసుకోండి. ఆ పదకొండు రాత్రులూ ఇంట్లో పిల్లల్ని పెట్టుకుని ఒంటరిగా ఉన్నది ఆవిడే కదా.

ఇచ్చేటప్పుడు పదిమంది ముందు, ఆయన తల్లి ఉన్నచోట ఇవ్వకండి. పిల్లల చేతికి అసలివ్వకండి. గుడ్డసంచిలో పెట్టి వచ్చేముందు ఆయన చేతికే ఇవ్వండి. "నువ్వూ ఒక గుక్కెయ్యరా" అని మీ వారిని బలవంతపెడితే, బండి నడపాలి అంటే చాలు.

ఆవిడతో రెండు మాటలు చెప్పి రండి. సీసాని నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే బిరడా పాడవుతుంది. ఎండ తగలకూడదు, పిల్లలకి అందకూడదు. ఖాళీ అయ్యాక లేబుల్‌తో పాటు పాత సామాన్లవాడికి వేయొద్దు, అలాంటివే నకిలీ సరుకు నింపేవాళ్ళ చేతికి వెళ్తాయి. లేబుల్ నానబెట్టి ఊడదీసి నీళ్ళు పోసి మనీప్లాంటు పెట్టుకుంటే గాజు మందంగా ఉంటుంది కాబట్టి గాలికి పడిపోదు.