ట్రస్సు కూలితే నుదుటి రాతను నిందించకండి

మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన నాకు ఒక విషయంలో పశ్చాత్తాపం మిగిలి ఉంది. ఎత్తు నుండి పడినవారిని తీసుకొచ్చినప్పుడల్లా కేసు షీటులో ఆ ముక్క రాసి విరిగిన ఎముక సంగతి చూసుకున్నానే గాని, ఎందుకు పడ్డారని ఏనాడూ అడగలేదు. ఇప్పుడు పాపన్నపేట చుట్టుపక్కల లేస్తున్న రేకుల షెడ్లను చూస్తుంటే ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

మంజీరా నీటితో వరి పండే ప్రాంతం మాది. రైసు మిల్లులు, ధాన్యపు గోదాములు, కోళ్ల ఫారాలు, ఫంక్షన్ హాళ్లు, ఏది కట్టినా పైన ఇనుప ట్రస్సులే.

చాలా ఏళ్ల క్రితం పాతికేళ్లయినా నిండని ఒక వెల్డరును ఆటోలో తెచ్చారు. నాలుగు ట్రస్సులు నిలబెట్టారట, వాటిని ఒకదానితో ఒకటి కలపలేదట. ఎండాకాలపు ఈదురుగాలికి మొదటిది ఒరిగి మిగిలినవాటినీ లాగేసింది. తోటివారు మంచి మనసుతోనే చేతులూ కాళ్లూ పట్టి ఎత్తుకొచ్చారు. అప్పటికే నడుము కింద స్పర్శ లేదు. వెన్నుపాము నలిగింది పడినప్పుడా, మోసుకొచ్చినప్పుడా అన్నది నేను చెప్పలేకపోయాను. బతికాడు గాని మంచానికే పరిమితమయ్యాడు. “వాని గీత అట్లున్నది” అన్నారు అందరూ. నేనూ మౌనంగా ఉండిపోయాను.

అది గీత కాదని ఈ రోజు గట్టిగా చెప్పదలచుకున్నాను. ట్రస్సు పైనుండి వచ్చే బరువును మోస్తుంది, పక్కనుండి వచ్చే తోపుకు మాత్రం నిలువుగా నిలబెట్టిన తడికలా ఒరిగిపోతుంది. పర్లిన్లు, ఏటవాలు బ్రేసింగులు బిగించిన తరువాతనే దానికి పక్కబలం వస్తుంది. అందుచేత అన్నిటికన్నా ప్రమాదకరమైన ఘడియ మొదటి ట్రస్సు ఒంటరిగా నిలబడి ఉన్న ఘడియ. దానికి రెండు వైపులా తీగ తాళ్లతో నేలలో గట్టి లంగరు వేయాలి. పిల్లరు మీది బోల్టులు పూర్తిగా బిగించేదాకా క్రేన్ కొక్కెం విప్పకూడదు. రెండవది ఎక్కగానే మొదటిదానితో కలిపి కట్టాలి. “మిగతాది రేపు కడదాం” అన్న మాటకు అక్కడ చోటు లేదు. ట్రస్సు లేచేటప్పుడు దానికి కట్టిన తాడుతో దూరం నుండే అదుపు చేయాలి, కింద ఎవరూ ఉండరాదు. గాలి లేస్తే పని ఆపాలి. కరెంటు తీగలు దగ్గరుంటే సరఫరా నిలిపించిన తరువాతనే మొదలుపెట్టాలి.

సేఫ్టీ బెల్టు ఉందిగా అంటారు. దానిని దేనికి కట్టారన్నదే అసలు ప్రశ్న. ఆనుడు లేని ట్రస్సుకే కట్టుకుంటే ట్రస్సుతో పాటు మనిషీ కూలుతాడు. బెల్టుకు వేలాడుతున్న మనిషినైనా నిమిషాల్లో దించకపోతే రక్తం కాళ్లలో నిలిచి స్పృహ తప్పవచ్చు. ఇరవై అడుగుల పైనుండి పడిన మనిషి సెకను దాటీ దాటకముందే గంటకు దాదాపు 40 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతాడు. అంత తక్కువ సమయంలో నేర్పు గాని, ధైర్యం గాని పనికిరావు.

పెద్ద నిర్మాణాలకూ ఈ ముప్పు తప్పదు. 2023 నవంబరులో మొయినాబాద్ మండలంలో నిర్మాణంలో ఉన్న ఒక ప్రైవేటు ఇండోర్ స్టేడియం కూలి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు.

వైద్యుడిగా మరో మాట. మూర్ఛ, తల తిరుగుడు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు పైకి ఎక్కరాదు. షుగరు మందులు వాడుతూ తినకుండా వచ్చినవారు, రాత్రి తాగిన మత్తు దిగనివారు కూడా ఆ రోజు కిందనే ఉండాలి. ఎవరైనా పడితే ఎత్తి కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి. తల, మెడ కదలకుండా పట్టుకుని 108కు ఫోను చేయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. కదిలించక తప్పదంటే నలుగురైదుగురు కలిసి, ఒళ్లు వంగకుండా, ఒకేసారి చెక్క మీదికి చేర్చండి.

ఇక యజమానులతో. ట్రస్సుల పని తరచుగా కిలోల లెక్కన గుత్తకు ఇస్తారు. కొద్దిరోజులకు విప్పేసే తాళ్లకు, ఊతాలకు ఆ లెక్కలో బరువు లేదు, కాబట్టి కూలీ లేదు. అందుకే వాటిని మానేస్తారు. తప్పును మేస్త్రీ మీదికి నెట్టి ఊరుకోవడం న్యాయం కాదు. తాళ్లకు, ఊతాలకు, అవి కట్టే పూటకు విడిగా డబ్బు ఇస్తామని ఒప్పందంలోనే రాయండి. ఒక రోజు ఆసుపత్రి ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు. పనివారికి భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి కార్డు ఉందో లేదో అడగండి. 18 నుండి 60 ఏళ్ల లోపు వయసుండి, గడచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసినవారు నమోదు కావచ్చు.

ఈసారి మీ ఊళ్లో ట్రస్సులు లేస్తుంటే ఒక్క నిమిషం ఆగి, “మొదటిదానికి లంగరు వేశారా?” అని అడగండి. నేను అడగవలసినప్పుడు అడగని ప్రశ్న అది.