గోడ మీద మన రంగేది?

మన కాలనీల్లో కొత్తగా కట్టుకున్న ఇళ్ళ గోడలు ఒకసారి చూడండి. యానాదుల ఇల్లు కానీ, ఎరుకల ఇల్లు కానీ, సుగాలి తండాలో ఇల్లు కానీ, పటాలన్నీ ఒకే తీరు. పాలరంగు దేవతలు, ఎర్రటి బుగ్గల తెల్లపాప. దుత్తలూరులో కొన్నా, ఉదయగిరిలో కొన్నా అంతే. ఆ ఇంట్లో తిరిగే మనుషుల రంగు మాత్రం ఆ గోడ మీద ఎక్కడా కనబడదు.

"పటమన్నాక కళగా ఉండాలి గదా సార్" అంటారు. కళ అంటే తెలుపని మనకెవరు చెప్పారు?

రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు ప్రెస్సు పెట్టాక రంగుల దేవుళ్ళు పేదల ఇళ్ళకూ వచ్చారు. గుడి గడప తొక్కనివ్వని వాళ్ళ ఇంటికి దేవుడే నడిచి రావడం మంచిదే. కానీ కేలండర్ల కాలానికి ఆ దేవుళ్ళ ఒళ్ళు వెలిసిపోయింది. కృష్ణుడనే పేరుకే నలుపని అర్థం. కేలండరులో ఆయన లేత నీలం. మన పెంచలకోన నరసింహస్వామి కోరి పెళ్ళాడిన చెంచులక్ష్మి అడవి బిడ్డ. పటంలో మాత్రం ఎండ ఎరగని దొరసాని. 'నలుపు నారాయణ మెచ్చు' అనే సామెత మన నోట్లో ఉంది, గోడ మీద లేదు.

దేవుళ్ళ సంగతి అలా ఉంచండి. చనిపోయిన అవ్వ ఫోటో పెద్దది చేయించి దండ వేస్తాం. స్టూడియోలో ఆమె ముఖం తెల్లబరుస్తారు. అడిగి మరీ తెల్లబరిపించుకునే వాళ్ళూ ఉన్నారు. రేపు మనవరాలు ఆ ఫోటో చూసి, "నాకు అవ్వ పోలిక రాలేదే" అనుకుంటుంది. ఇది నాగరికత కాదు, సొంత అవ్వను ఇంట్లోంచి గెంటేయడం.

బడిలో అమ్మ బొమ్మ వేయమంటే పిల్లల చెయ్యి లేత గులాబీ క్రేయాన్ మీదికి పోతుంది. దాని పేరు 'స్కిన్ కలర్' అట! ఎవరి చర్మం? అమెరికాలో క్రేయోలా కంపెనీ అలాంటి రంగుకు పెట్టిన 'ఫ్లెష్' అనే పేరును 1962లోనే 'పీచ్' అని మార్చుకుంది. మన తరగతుల్లో ఇంకా ఆ మాటే. పలికేది మన టీచర్లమే.

తెలుపు మీద నాకు పగ లేదు. సున్నం తెలుపే, జొన్నన్నం తెలుపే. సవరలు ఎర్రమట్టి గోడ మీద బొమ్మలు వేసే బియ్యప్పిండీ తెలుపే. ఆ బొమ్మల్ని నగరాల వాళ్ళు సోఫా రంగుకు కలిశాయని కొనుక్కుంటున్నారు. మనమేమో మన రంగుకు కలవనివి వెతికి కొంటున్నాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పటం కొనేముందు ఒక్కటి అడగండి: ఇందులో మా అమ్మ రంగు మనిషి ఉందా? లేకపోతే మన బడి పిల్లల చేత వేయించుకోండి. టీచర్లూ, గులాబీని గులాబీ అనే చెప్పండి. చింతగింజ రంగు, తేనె రంగు, మట్టి రంగు పిల్లల చేతికివ్వండి. స్టూడియో వాళ్ళకు మాత్రం అందరం గట్టిగా చెబుదాం: మా అవ్వ ముఖం జోలికి రావద్దు.